హాట్ ఎయిర్ ఓవెన్‌లో గాజు, లోహపు సామాను స్టెరిలైజ్ చేయడం ఎలా? టైమర్ ఎప్పుడు నొక్కాలి?

"ఓవెన్ 160 డిగ్రీల దగ్గర పెట్టి రెండు గంటలు ఉంచాం. అయినా ప్లేట్లలో ఏదో పెరిగింది. ఎక్కడ తప్పు జరిగింది?" ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, మైక్రోబయాలజీ విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు జవాబు ఒకటే. ఆ రెండు గంటలు ఓవెన్‌లోని గాలికి అందాయి, సామానుకు అందలేదు. డిస్‌ప్లే మీద 160 కనబడగానే టైమర్ నొక్కేస్తారు. అప్పటికి డబ్బా నడుమ ఉన్న పిపెట్ ఇంకా చాలా కిందే ఉంటుంది. అది 160కి చేరేసరికి మీ రెండు గంటల్లో సగం కరిగిపోయి ఉండవచ్చు.

కింద చెప్పిన పద్ధతిలో మిగతా మెట్లన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి. ఎలా కడగాలి, ఎలా చుట్టాలి, ఎలా పేర్చాలి అన్నవన్నీ వేడి గాలి ప్రతి వస్తువు దాకా వెళ్లడం కోసమే.

సిద్ధాంతం అవసరమైనంత వరకే చెప్పుకుందాం. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి మీద ఆవిరితో స్టెరిలైజ్ చేసే పెట్టెలో) 121 డిగ్రీలకు 15 నిమిషాల్లో చచ్చే బ్యాక్టీరియా స్పోర్లు (వేడినీ ఎండనూ తట్టుకునే బ్యాక్టీరియా గట్టి రూపాలు) పొడి వేడిలో 160 డిగ్రీలు, రెండు గంటలు అడుగుతాయి. ఆవిరి వస్తువును తాకి నీరవుతూ తనలోని వేడినంతా దానికి ఇచ్చేస్తుంది. పైగా తేమ ఉన్నచోట ప్రొటీన్లు తక్కువ వేడికే గడ్డకడతాయి. పొడి గాలి వేడిని మోసుకెళ్లడంలో మందకొడి. అందులో స్పోరు మెల్లగా ఆక్సీకరణం చెంది చావాలి. అందుకే వేడీ ఎక్కువ కావాలి, సమయమూ ఎక్కువ కావాలి.

ఏవి పెట్టవచ్చు, ఏవి పెట్టకూడదు

బోరోసిలికేట్ గాజు (వేడిని తట్టుకునే ల్యాబ్ గాజు) పెట్రీ డిష్‌లు, టెస్ట్ ట్యూబులు, కానికల్ ఫ్లాస్కులు, గాజు పిపెట్లు, గాజు సిరంజీలు నిశ్చింతగా పెట్టవచ్చు. ఫోర్సెప్స్, కత్తెరలు, స్కాల్పెల్ పిడులు, స్టీలు గరిటెలు కూడా పెట్టవచ్చు. ఆవిరి చొరని పదార్థాలకు ఓవెనే సరైన దారి. టాల్క్, జింక్ ఆక్సైడ్ లాంటి పొడులు, లిక్విడ్ పారఫిన్, కొవ్వులు, మైనాలు ఈ కోవలోకి వస్తాయి. పదునైన పనిముట్లు ఆవిరిలో తుప్పు పట్టి మొండివవుతాయి, పొడి వేడిలో ఆ బాధ లేదు.

పెట్టకూడనివి ఇంకా జాగ్రత్తగా చదవండి.

- నీళ్లతో చేసినవి ఏవైనా: కల్చర్ మీడియా, సెలైన్, బఫర్. అవి మరిగి ఆవిరైపోతాయి. బిగించిన సీసా అయితే పగులుతుంది.
- రబ్బరు బిరడాలు, రబ్బరు ట్యూబులు, బట్ట, గాయాలకు కట్టే గాజ్ గుడ్డ, గ్లోవ్స్.
- ప్లాస్టిక్. పాలీస్టైరీన్ డిష్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పాలీప్రొపిలీన్ 160 దగ్గర కరిగిపోతుంది. రియేజెంట్ సీసాల నీలం మూతలు, పోసేటప్పుడు కారకుండా సీసా మూతికి తొడిగే నీలం రింగులు ఎక్కువగా పాలీప్రొపిలీనే. వాటి పరిమితి 140 డిగ్రీలు. సీసా గాజుదే కదా అని మూతతో సహా పెట్టి, కరిగిన నీలం ముద్దను షెల్ఫు మీంచి గీకడం ల్యాబుల్లో తరచూ జరిగే పని. మూత, రింగు తీసి పెట్టండి, సీసా మూతిని ఫాయిల్‌తో కప్పండి.
- ఖచ్చితమైన కొలతకు వాడే గాజు: వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులు, బ్యూరెట్లు. పదేపదే ఇంత వేడి తగిలితే కొలతలో తేడా వచ్చే ప్రమాదం ఉంది.
- అసిటోన్, ఆల్కహాల్, ఈథర్ లాంటి వాటితో కడిగి ఇంకా ఆరని సామాను. ఇది పాడవడంతో పోయే తప్పు కాదు. మూసిన పెట్టెలో ఆ ఆవిరి వేడి కాయిల్‌ను తాకితే పేలుతుంది. చివరి కడుగు ఎప్పుడూ డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయండి.

ఇంక్యుబేటర్, మామూలు డ్రయ్యింగ్ ఓవెన్, వంటింటి ఓవెన్, మైక్రోవేవ్ ఈ పనికి పనికిరావు. చూడటానికి పెట్టె ఒకేలా ఉన్నా ఇంక్యుబేటర్ ఇంత వేడికి చేరదు. వంటింటి ఓవెన్‌లో మూలకూ మధ్యకూ తేడా ఎంతో మీ చేతిలో ఉండదు.

కావలసినవి

- 200 డిగ్రీల దాకా వెళ్లే హాట్ ఎయిర్ ఓవెన్. లోపల ఫ్యాను ఉన్నదైతే మేలు. ఫ్యాను లేని ఓవెన్‌లో వేడి గాలి పైకి పోయి, కింది షెల్ఫు చల్లగా మిగిలిపోతుంది.
- ఓవెన్ డిస్‌ప్లేతో సంబంధం లేని రెండో కొలత: సన్నని తీగ ఉన్న థర్మోకపుల్ (తీగ కొన దగ్గర వేడిని కొలిచే సాధనం), లేదా కనీసం 250 డిగ్రీలు చూపే థర్మామీటర్.
- మూతలున్న స్టీలు లేదా అల్యూమినియం డబ్బాలు, అల్యూమినియం ఫాయిల్, బ్రౌన్ పేపర్, నూలు దారం.
- నీళ్లు పీల్చని దూది. మందుల షాపులో గాయాలకు అమ్మే, నీళ్లు పీల్చే దూది వద్దు. అది తేమను పట్టి ఉంచుతుంది, తడిసిందంటే అడ్డుగోడగా పనికిరాదు.
- పొడి వేడి కోసమే తయారైన కెమికల్ ఇండికేటర్లు (వేడి సరిపడా తగిలితే రంగు మారేవి), స్పోర్ స్ట్రిప్పులు (బతికున్న స్పోర్లు పట్టించిన పరీక్ష కాగితాలు).
- వేడిని తట్టుకునే గ్లోవ్స్, పెన్సిలు, రాసుకోవడానికి రిజిస్టరు.

ఎంత వేడి, ఎంత సేపు

160 డిగ్రీలకు 2 గంటలు.
170 డిగ్రీలకు 1 గంట.
180 డిగ్రీలకు 30 నిమిషాలు.

ఇవి సామాను ఆ ఉష్ణోగ్రతకు చేరాక లెక్కపెట్టాల్సిన సమయాలు. వేడెక్కే సమయం, చల్లారే సమయం వీటిలో కలవవు.

కొన్ని పాఠ్యపుస్తకాల్లో 160కి గంట చాలని ఉంటుంది. ఏది నమ్మాలని అడిగేవాళ్లకు సూటి జవాబు: రెండు గంటలు పాటించండి. అదనపు గంటతో గాజుకు నష్టం లేదు, తక్కువైన గంటతో మాత్రం నష్టం ఉంది.

మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ ప్యాకింగ్‌ను బట్టి ఉంటుంది. దూది బిరడాలు, కాగితం చుట్లు, పదునైన పనిముట్లు, నూనెలు, పొడులు ఉంటే 160 దాటకండి. లోహపు డబ్బాలో, ఫాయిల్‌లో ఉన్న గాజుకు 170 బాగుంటుంది. 180 ఊరిస్తుంది కానీ జాగ్రత్త. రెండు గంటల సైకిల్‌లో పది నిమిషాలు అటూ ఇటూ అయితే పెద్ద లోటు కాదు, అరగంట సైకిల్‌లో అదే పది నిమిషాలు మూడో వంతు. మీ ఓవెన్ మూలమూలనా ఎంత వేడి ఉంటుందో కొలిచి చూసుకోనంత వరకు 180 జోలికి వెళ్లకండి. 140కి ఇన్ని గంటలు, 120కి అన్ని గంటలు అని సొంత లెక్కలు అసలే వద్దు.

ఇంకో సంగతి. ఈ సైకిళ్లు బతికున్న సూక్ష్మజీవులను, స్పోర్లను చంపుతాయి. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా చచ్చాక కూడా మిగిలే విషపదార్థం) పోవాలంటే 250 డిగ్రీలకు 30 నిమిషాలు కావాలి. సెల్ కల్చర్‌కో, ఇంజెక్షన్‌గా ఇచ్చే వాటికో గాజు సిద్ధం చేస్తుంటే మీ ఓవెన్ అంత దాకా వెళ్తుందో లేదో ముందు చూసుకోండి.

చేసే పద్ధతి

1. ముందు శుభ్రం చేయండి

కల్చర్లు పెరిగిన సామానును నేరుగా ఓవెన్‌లోకి తోయకండి. ముందు ఆటోక్లేవ్‌లో పెట్టి కల్చర్‌ను చంపండి. తర్వాత డిటర్జెంటుతో, బ్రష్‌తో కడిగి, కుళాయి నీటిలో నాలుగైదు సార్లు, చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకటి రెండు సార్లు జాడించండి.

మిగిలిపోయిన అగార్, రక్తం, ప్రొటీన్ 160 డిగ్రీల్లో గాజుకు మాడి అంటుకుంటాయి. ఆ పెచ్చు కింద ఉన్న స్పోరుకు వేడి ఆలస్యంగా చేరుతుంది. మరక కూడా ఇక సులువుగా పోదు. కడిగిన గాజును తల్లకిందులు చేసి చూడండి. నీరు పలుచని పొరలా జారిపోతే శుభ్రమైనట్టు, చుక్కలు చుక్కలుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టు. డిటర్జెంటు సరిగా పోకపోతే సామాను స్టెరైల్ అయినా కల్చర్ పెరగదు, తప్పు మీడియా మీద పడుతుంది.

2. పూర్తిగా ఆరబెట్టండి

అడుగున చెంచాడు నీళ్లున్నా ఆ ఫ్లాస్కు నీళ్లు ఆవిరయ్యేదాకా 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పక్కనున్నవి 160 చేరినా అది చేరదు. పైగా తడి గాజు ఎగుడుదిగుడుగా వేడెక్కి పగులుతుంది. విడిగా 60 నుంచి 100 డిగ్రీల మధ్య ఆరబెట్టి, ఆ తర్వాతే చుట్టండి.

3. చుట్టండి

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. చుట్టు ఎందుకంటే, ఓవెన్‌లోంచి తీశాక వాడే దాకా లోపలికి ఏమీ రాకుండా ఉండటానికి. అలాగని అతిగా చుడితే వేడి లోపలికి పోదు. ఒక పొర, గట్టి మడత చాలు.

టెస్ట్ ట్యూబులు, ఫ్లాస్కులు: దూదిని చుట్టి బిరడాగా పెట్టండి. బిరడాను పట్టుకుని పైకెత్తితే ఫ్లాస్కు కూడా లేవాలి, కొద్దిగా మెలిపెడితే బయటికి రావాలి. అంత బిగుతు సరైనది. పైన ఫాయిల్ టోపీ పెడితే దుమ్ము వాలదు.

పిపెట్లు: నోటి వైపు సన్నని దూది పోచ కూరండి. బయటికి పోచలు వేలాడితే చిన్న మంట మీద అలా తిప్పి కాల్చేయండి. డబ్బాలో మొనలు కిందికి, నోరు మూత వైపుకు ఉండాలి. అప్పుడు మూత తీయగానే చేతికి తగిలేది నోటి వైపు, మొన కాదు. డబ్బా అడుగున గ్లాస్ వూల్ పరిస్తే మొనలు విరగవు. డబ్బాను కుక్కకండి. పిపెట్ల మధ్య వేళ్లు దూరేంత వదులు లేకపోతే నడుమ ఉన్నవాటికి వేడి చాలా ఆలస్యంగా చేరుతుంది.

పెట్రీ డిష్‌లు: డబ్బాలో గానీ, ఐదారు కలిపి బ్రౌన్ పేపర్‌లో గానీ పెట్టండి. పదిహేను, ఇరవై డిష్‌ల దొంతరను ఒకే చుట్టుగా చుట్టేస్తే నడిమి డిష్‌లు చివరిదాకా వెనకబడతాయి.

గాజు సిరంజీలు: బ్యారెల్, ప్లంజరు విడదీసి, పక్కపక్కన పెట్టి చుట్టండి. కలిపి పెడితే రెండూ ఒకేలా వ్యాకోచించక బిగుసుకుపోతాయి లేదా పగులుతాయి. గాజుకు లోహం అతికించిన భాగాలున్న సిరంజీలను తయారీదారు సూచన చూడకుండా పెట్టకండి.

పనిముట్లు: కత్తెరలు, ఆర్టరీ ఫోర్సెప్స్ తెరిచి ఉంచండి. మూసి ఉంటే కీలు నడుమకు వేడి గాలి తగలదు. పదును మొనలకు ఫాయిల్ తొడగండి.

పొడులు, నూనెలు: పెట్రీ డిష్‌లో అర సెంటీమీటరు మించకుండా పలుచగా పరవండి. సీసా నిండా టాల్క్ పోసి పెడితే, గోడ పక్కన పొడి కాగుతుంది, నడుమ పొడి గోరువెచ్చగా ఉంటుంది. పొడి తనే వేడిని అడ్డుకుంటుంది కదా. నూనె సీసాల మూత బిగించకండి. ఆ నూనె ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి అంటుకోగల ఉష్ణోగ్రత) 160 కంటే బాగా పైన ఉందని దాని సేఫ్టీ షీట్‌లో చూశాకే ఓవెన్‌లో పెట్టండి.

చుట్టడానికి వార్తాపత్రిక వాడకండి, సిరా మాడి గాజుకు పొగ పడుతుంది. రబ్బరు బ్యాండ్లు, సెల్లోటేప్ కరుగుతాయి. నూలు దారంతో కట్టండి. స్టిక్కర్ లేబుళ్లు మాడతాయి. కాగితం మీద పెన్సిలుతో వస్తువు పేరు, తేదీ రాయండి.

4. ఓవెన్‌ను ఒకసారి చూడండి

లోపల పాత కాగితం ముక్కలు, దూది, పగిలిన గాజు లేకుండా తుడవండి. తలుపు గాస్కెట్ చీలిందా చూడండి. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే అది సులువుగా జారిపోకూడదు. ఆన్ చేసి ఫ్యాను చప్పుడు వినండి. ఫ్యాను ఆగిపోయినా కాయిల్ పనిచేస్తూనే ఉండే ఓవెన్లు ఉన్నాయి. డిస్‌ప్లే 160 చూపిస్తూ ఉంటుంది, కింది షెల్ఫు మాత్రం ఎక్కడో కింద ఉంటుంది.

5. పేర్చండి

నాలుగు గోడలకూ, పైకప్పుకూ కనీసం ఐదేసి సెంటీమీటర్లు ఖాళీ వదలండి. మొత్తం చోటులో మూడింట రెండు వంతులకు మించి నింపకండి. వస్తువుకూ వస్తువుకూ మధ్య వేలు దూరాలి. పెద్ద డబ్బాలను పడుకోబెడితే వేడి బాగా చొరుతుంది.

రెండు తప్పులు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి, షెల్ఫు శుభ్రంగా ఉంటుందని జాలీ మీద ఫాయిల్ పరచడం. దాంతో కింద నుంచి పైకి వచ్చే గాలి అక్కడే ఆగిపోతుంది. ఓవెన్ రెండు గదులైనట్టే. రెండోది, షెల్ఫుల మీద చోటు లేదని ఓవెన్ నేల మీద డబ్బా పెట్టడం. చాలా ఓవెన్లలో కాయిల్ దాని కిందే ఉంటుంది. ఆ డబ్బా అడుగు మాడుతుంది, పైన ఉన్నవాటికి గాలి తగ్గుతుంది.

6. ఇండికేటర్లు పెట్టండి

ఇండికేటర్ ఉండాల్సింది తలుపు దగ్గర, అద్దంలోంచి కనబడే చోట కాదు. అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోట, అంటే పెద్ద డబ్బా నడుమ, కింది షెల్ఫు మూలలో ఉండాలి. ఆటోక్లేవ్ టేప్ ఇక్కడ వద్దు. దాని గీతలు ఆవిరి కోసం తయారైనవి, పొడి వేడిలో అవి చెప్పేదాన్ని నమ్మలేం.

7. వేడి పెట్టండి

సామాను చల్లని ఓవెన్‌లో పెట్టాకే ఆన్ చేయండి. ముందే కాగిన ఓవెన్‌లో చల్లని గాజు పెడితే పగలవచ్చు. పైనున్న గాలి రంధ్రం మొదట తెరిచి ఉంచండి, లోపలి తేమ బయటికి పోతుంది. సుమారు 100 డిగ్రీలు దాటాక, రంధ్రం దగ్గర తేమ కనబడకపోతే మూసేయండి. చివరిదాకా తెరిచి ఉంచితే పై షెల్ఫు దగ్గర వేడి తగ్గుతుంది.

8. టైమర్ నొక్కాల్సిన క్షణం

డిస్‌ప్లే చెప్పేది సెన్సర్ ఉన్నచోట గాలి ఎంత వేడిగా ఉందో మాత్రమే. సామాను ఎప్పుడు చేరిందో తెలుసుకోవాలి.

థర్మోకపుల్ ఉంటే: సన్నని తీగను గాలి రంధ్రంలోంచి లోపలికి పంపి, దాని కొనను లోడు నడుమ ఉన్న ఫ్లాస్కు లోపలో, పిపెట్ డబ్బా నడుమలో ఉంచండి. డిస్‌ప్లే 160 చూపిన సమయం ఒకటి, తీగ కొన 160 చూపిన సమయం ఇంకొకటి రాసుకోండి. ఈ రెండింటి తేడానే మీ లోడుకు పట్టే ఆలస్యం. ఇదే లోడును మూడు వేర్వేరు రోజుల్లో కొలిచి, వాటిలో పెద్దదాన్ని తీసుకోండి. పైన ఇంకో పది నిమిషాలు కలపండి. ఉదాహరణకు మూడు కొలతల్లో 40, 45, 50 నిమిషాలు వస్తే, ఇకపై అదే లోడుకు డిస్‌ప్లే 160 చూపాక ఒక గంట ఆగి, అప్పుడు రెండు గంటలకు టైమర్ పెట్టండి. లోడు మారితే, అంటే డబ్బాలు పెరిగినా పేర్పు మారినా ఈ లెక్క చెల్లదు, మళ్లీ కొలవాలి.

థర్మోకపుల్ లేకపోతే: పై రంధ్రంలోంచి పొడవాటి థర్మామీటర్‌ను దించి, దాని బల్బు లోడులోని ఒక ఫ్లాస్కు లోపల ఉండేలా అమర్చండి. దూది బిరడాను దాని చుట్టూ బిగించండి. వట్టి గాలిలో వేలాడే బల్బు డిస్‌ప్లే చెప్పిందే మళ్లీ చెబుతుంది. పాదరసం థర్మామీటర్ మాత్రం వద్దు. వేడి ఓవెన్‌లో అది పగిలితే పాదరసం ఆవిరి గదంతా వ్యాపిస్తుంది.

రెండూ లేకపోతే: లోడు సగానికి తగ్గించి, డిస్‌ప్లే 160 చేరాక ఒక గంట వదిలి, అప్పుడు రెండు గంటలు లెక్కపెట్టండి. ఇది తాత్కాలిక ఏర్పాటు. సరిపోయిందో లేదో స్పోర్ స్ట్రిప్ చెప్పాలి, మీ అంచనా కాదు.

టైమర్ మొదలయ్యాక తలుపు తెరవకండి. "ఒక్క ఫోర్సెప్స్ మర్చిపోయాను" అని నడుమ తెరిస్తే మొత్తం లెక్క మొదటికి వస్తుంది. కరెంటు పోయి ఉష్ణోగ్రత 160 కిందికి దిగినా అంతే. ముందు గడిచిన 50 నిమిషాలను తర్వాతి 70 నిమిషాలతో కలిపి రెండు గంటలు అనుకోకూడదు. మళ్లీ సామాను 160 చేరాక పూర్తి రెండు గంటలు పెట్టండి.

పొగ వాసన వస్తే తలుపు తెరవకండి. తెరిస్తే లోపలికి గాలి పోయి కాగితం భగ్గుమంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, మూసే ఉంచి చల్లారనివ్వండి. మంటలు ఆర్పే సాధనం దగ్గర పెట్టుకోండి.

9. చల్లారనివ్వండి

స్విచ్ ఆపి, తలుపు మూసే ఉంచండి. లోపల 60 డిగ్రీల కిందికి వచ్చాకే తెరవండి. ఓవెన్ పెద్దదైతే దీనికి రెండు గంటలకు పైనే పట్టవచ్చు. తొందర పడితే రెండు నష్టాలు. చల్లగాలి ఒక్కసారిగా తగిలి గాజు చిట్లుతుంది. లోపలి గాలి ముడుచుకుంటూ బయటి గాలిని, దానితోపాటు దుమ్మును లోపలికి లాగుతుంది. బిరడాలు బిగుతుగా ఎందుకుండాలో ఇక్కడ తెలుస్తుంది. ఫ్లాస్కు చల్లారుతూ పీల్చే గాలిని వడకట్టేది ఆ దూదే.

వేడి గాజు చల్లని గాజులాగే కనబడుతుంది. గ్లోవ్స్ వేసుకోండి. అవి తడిగా ఉంటే వేడిని ఆపవు, తేమ ఆవిరై చెయ్యి కాలుతుంది.

10. తీసి, రాసి, దాచండి

డబ్బాల మూతలు వదులుగా పెట్టి ఉంటే తెరవగానే బిగించండి. చుట్టు చిరిగినా, తడిసినా, బిరడా ఊడినా ఆ వస్తువు స్టెరైల్ కాదు. పక్కన పెట్టి మళ్లీ చేయండి. మిగతావాటిని తలుపులున్న పొడి బీరువాలో దాచండి. రిజిస్టర్‌లో తేదీ, లోడులో ఏముంది, డిస్‌ప్లే 160 చేరిన సమయం, టైమర్ మొదలు, ముగింపు, తెరిచిన సమయం, ఇండికేటర్ ఫలితం, చేసినవారి సంతకం ఉండాలి. తర్వాత ఎప్పుడో కంటామినేషన్ వస్తే వెనక్కి వెళ్లి వెతకడానికి ఈ ఒక్క పుటే దిక్కు.

చూడగానే పట్టుకోగల తప్పులు

దూది, కాగితం ముదురు గోధుమ రంగుకు మారాయి: వేడి 180కి దగ్గరగా వెళ్లింది, లేదా ఆ వస్తువు కాయిల్‌కు మరీ దగ్గరగా ఉంది. లేత గోధుమ రంగు 160లో మామూలే, కంగారు పడకండి. ముదురు రంగైతే రెండో థర్మామీటర్‌తో సరిచూడండి. దూది బాగా మాడితే దానిలోంచి తారులాంటి జిడ్డు వచ్చి ట్యూబు లోపలి గోడకు అంటుతుంది. అది బ్యాక్టీరియా పెరుగుదలను ఆపగలదు. అలాంటి ట్యూబులను మళ్లీ కడగాల్సిందే.

పై షెల్ఫు దూది గోధుమరంగు, కింది షెల్ఫు దూది తెలుపు: ఫ్యాను పని చేయడం లేదు, లేదా గాలి దారికి ఏదో అడ్డుపడింది.

గాజు లోపల తెల్లటి మచ్చలు: చివరి కడుగు కుళాయి నీటితో ముగిసింది. ఆ లవణాలు ఎండి అంటుకున్నాయి.

ఫ్లాస్కులు పగిలాయి: తడి ఉంది, లేదా గాజు మీద ముందే గీత ఉంది, లేదా అది మామూలు సోడా గాజు. సోడా గాజు వేడికి బోరోసిలికేట్ కంటే రెండున్నర రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. దాన్ని వాడక తప్పకపోతే చాలా నెమ్మదిగా వేడి చేసి, అంతకంటే నెమ్మదిగా చల్లార్చండి.

పనిముట్ల పదును పోతోంది: కార్బన్ స్టీలు ఎక్కువ వేడికి మెత్తబడుతుంది. 160 దాటించకండి.

ఫలితాన్ని ఎలా తేల్చుకోవాలి

మూడు రకాల సాక్ష్యం ఉంది. ఒకదాని పని మరొకటి చేయదు.

మొదటిది ఉష్ణోగ్రత రికార్డు. ఇది ప్రతి సైకిల్‌కూ ఉండాలి. ఓవెన్ కొత్తగా వచ్చినప్పుడు, రిపేరు తర్వాత, ఏడాదికోసారి ఎనిమిది మూలల్లోనూ, మధ్యలోనూ థర్మోకపుల్ పెట్టి కొలవండి. ముందు ఖాళీ ఓవెన్‌తో, తర్వాత నిండు లోడుతో. అతి చల్లని చోటేదో అప్పుడు తెలుస్తుంది. సెట్ పాయింట్‌ను ఆ చోటు 160 చేరేలా పెట్టాలి. డిస్‌ప్లే 160 చూపుతుంటే ఆ మూల 153 దగ్గర ఆగితే, డిస్‌ప్లేను ఇంకా పైకి జరపాల్సిందే.

రెండోది కెమికల్ ఇండికేటర్. బ్రౌన్ ట్యూబులు (రంగు మారే ద్రవం నింపి మూసిన చిన్న గాజు గొట్టాలు; బ్రౌన్ అన్నది పేరు, రంగు కాదు) ఇందులో పాతవి, నమ్మకమైనవి. పొడి వేడికి వాడే రకం ఎరుపు నుంచి పసుపు మీదుగా ఆకుపచ్చకు మారుతుంది. పసుపు దగ్గరే ఆగితే వేడి సరిపోలేదని అర్థం. వీటిని చల్లని చోట దాచండి. వెచ్చని గదిలో వాడకుండానే మెల్లగా రంగు మారతాయి, అప్పుడు అవి తప్పుడు ధైర్యం ఇస్తాయి. పొడి వేడి టేపు చారలు మారడం మాత్రం ఈ చుట్టు ఓవెన్‌లోకి వెళ్లొచ్చిందని చెప్పడం వరకే. స్టెరైల్ అయిందని కాదు.

మూడోది, చివరి మాట చెప్పేది, స్పోర్ స్ట్రిప్. పొడి వేడికి బాసిల్లస్ అట్రోఫేయస్ స్పోర్లున్న స్ట్రిప్ కావాలి. ఒక్కో స్ట్రిప్ మీద సాధారణంగా పది లక్షల స్పోర్లుంటాయి. ఆటోక్లేవ్‌కు వాడే జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ స్ట్రిప్‌ను ఇక్కడ వాడటం తరచూ కనబడే పొరపాటు. ఒకటి పేకెట్‌తోనే అతి చల్లని చోట, ఒకటి పెద్ద డబ్బా నడుమ పెట్టండి. సైకిల్ ముగిశాక వాటిని సూక్ష్మజీవులను పెంచే ద్రవమైన సోయాబీన్ కేసీన్ డైజెస్ట్ బ్రాత్‌లో వేసి 35 నుంచి 37 డిగ్రీల మధ్య, పేకెట్ మీద చెప్పినన్ని రోజులు ఉంచండి. వాటితోపాటు ఓవెన్‌లో పెట్టని స్ట్రిప్ ఒకటి, ఏమీ వేయని బ్రాత్ ఒకటి తప్పనిసరి. ఓవెన్‌లో పెట్టని స్ట్రిప్ బ్రాత్ మడ్డిగా మారాలి. మారకపోతే స్పోర్లు ముందే చచ్చాయి, పరీక్షే చెల్లదు. ఏమీ వేయని బ్రాత్ తేటగా ఉండాలి. మడ్డిగా మారితే మీ బ్రాతే కలుషితం. వారానికొకసారైనా ఈ పరీక్ష చేయండి, రిపేరు తర్వాత తప్పకుండా చేయండి.

ఓవెన్‌లో పెట్టిన స్ట్రిప్ బ్రాత్ మడ్డిగా మారితే వెంటనే ఓవెన్‌ను నిందించకండి. ఆ బ్రాత్‌ను అగార్ ప్లేటు మీద గీసి చూడండి. బాసిల్లస్ అట్రోఫేయస్ కాలనీలు నారింజ, గోధుమ ఛాయల్లో రంగు కడతాయి. అలాంటివి వస్తే స్పోర్లు నిజంగా బతికాయి. తెల్లటి గుండ్రని కాలనీలో, మరేవో వస్తే స్ట్రిప్‌ను బ్రాత్‌లో వేసేటప్పుడు చేతి నుంచో గాలి నుంచో వచ్చి ఉండవచ్చు, పరీక్ష మళ్లీ చేయండి. స్పోర్లే బతికాయని తేలితే, చివరిసారి సరైన ఫలితం వచ్చిన తేదీ నుంచి ఆ ఓవెన్‌లో చేసిన ప్రతి లోడునూ రిజిస్టర్‌లో చూసి వెనక్కి తెప్పించండి. బీరువాలో మిగిలినవాటిని వేరే ఓవెన్‌లోనో, వీలైనవాటిని ఆటోక్లేవ్‌లోనో మళ్లీ స్టెరిలైజ్ చేయండి. ఫ్యాను, గాస్కెట్, సెన్సర్, పేర్పు ఈ వరుసలో ఒక్కొక్కటీ సరిచూసి, నిండు లోడుతో వరుసగా మూడు సైకిళ్లు స్ట్రిప్‌లు తేటగా వచ్చేదాకా ఓవెన్ తలుపు మీద "వాడరాదు" అన్న కాగితం అంటించి ఉంచండి.